ఆయన వీపు మీద రెండు పట్టీలు

కనిగిరిలో పొద్దున తొమ్మిది దాటితే వీధిలో కుక్క కూడా కనిపించదు. 2074 నాటికి ఎండ అంత పని చేసింది. సైరన్ మోగగానే షట్టర్లు దిగుతాయి. సాయంత్రం ఆరు దాకా ఊరంతా నేలమాళిగల్లోనే కాపురం. అయినా పదిహేనేళ్ళుగా ఆ వేడికి మనుషుల మూత్రపిండాలు దెబ్బతింటూనే వచ్చాయి. ఇంటికి ఒకరైనా కిడ్నీ రోగి ఉన్న ఊరు కాబట్టే డాక్టర్ ఇందుజ తన ప్రయోగానికి దీన్ని ఎంచుకుంది. ఎందుకు ఎంచుకున్నానా అని ఇప్పుడు తల పట్టుకుంటోంది.

ఆమె తయారుచేసిన మందు పేరు కణలేఖ. శాస్త్రంలో దాన్ని ఎక్సోసోమ్ అంటారు. మన ఒంట్లోని ప్రతి కణమూ అతి చిన్న సంచులను బయటికి వదులుతుంటుంది. వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉండే ఆ సంచిలో ఇంకో కణానికి పంపే కబురు ఉంటుంది. దెబ్బ తగిలింది, బాగుచేసుకో అన్నది అలాంటి కబుర్లలో ఒకటి. ఇందుజ బొడ్డుతాడు మూలకణాలను తొట్లలో పెంచి, ఆ కణాలను వదిలేసి, అవి పంపే సంచులను మాత్రం వడకట్టి పట్టీల్లో నింపింది. పట్టీని వీపు మీద అతికించుకుంటే కంటికి కనిపించని సూదుల గుండా కణలేఖలు రక్తంలోకి దిగి మూత్రపిండాన్ని చేరతాయి. కొత్త కిడ్నీ పెట్టరు, ఉన్నదానికే మళ్ళీ పని నేర్పిస్తారు. అయితే ఆ ఉత్తరం చదవడానికి బతికున్న కణాలు మిగలాలి. కిడ్నీ పనితనం పదిహేను శాతం కన్నా కిందికి దిగజారితే ఎన్ని ఉత్తరాలు పంపినా అందుకునేవాళ్ళుండరు.

ఇద్దరికీ కిడ్నీ జబ్బున్న నూట ఇరవై జంటలకు, భార్యకొక డబ్బా భర్తకొక డబ్బా చొప్పున ఇచ్చి ఆరు నెలలైంది. ప్రయోగాన్ని కనిపెట్టి ఉండే యంత్రం పేరు విశ్లేషిణి. అది చల్లగా చెప్పిన మాటకి ఇందుజకు ఒళ్ళు మండింది.

"పురుషులలో పనితనం మనం ఆశించిన దానికి రెట్టింపు పెరిగింది. స్త్రీలలో తగ్గుతోంది. పురుషులకు మాత్రమే అనుమతి కోరడం మంచిది."

"అదే కణం, అదే కబురు. ఆడవాళ్ళ కిడ్నీ మాత్రం చదవనంటుందా?"

"కారణం దొరకలేదు. ఫలితం మాత్రం ఇదే."

"పట్టీలు వేసుకోవడం మానేశారేమో."

"డబ్బాలు రోజూ ఉదయం ఆరింటికి ఆ స్త్రీల వేలిముద్రలతోనే తెరుచుకుంటున్నాయి. ఒక్కరోజు కూడా తప్పలేదు."

రెండు నెలలు ఇందుజ నిద్రాహారాలు మాని వెతికింది. హార్మోన్లు చూసింది, తొట్లు మార్చింది, తాగే నీళ్ళు పరీక్షించింది. ఒక్కటీ తేలలేదు. ఈలోగా లాస్యమ్మ అనే ఆవిడ పనితనం ఇరవైనాలుగు నుంచి పద్దెనిమిదికి పడిపోయింది. ఇంకో మూడు మెట్లు దిగితే ఆమెకు చెయ్యగలిగేది ఏమీ ఉండదు. యంత్రంతో వాదన కట్టిపెట్టి ఇందుజ పొద్దున్నే ఆమె ఇంటికి బయలుదేరింది.

లాస్యమ్మకు యాభై అయిదేళ్ళు. నేలమాళిగ తోటలో దీపాల కింద ఆకుకూరలు పెంచుతుంది. ఇందుజ వెళ్ళేసరికి ఆమె వాచిన కాళ్ళతో పొయ్యి దగ్గర నిలబడి దోసెలు పోస్తోంది. భర్త తరుణ్ చొక్కా లేకుండా పీట మీద కూర్చుని తింటున్నాడు. అతని వీపు మీద, వెన్నెముకకు అటొకటి ఇటొకటి, రెండు పట్టీలున్నాయి.

ఇందుజ గుమ్మంలోంచే అడిగింది.

"ఆ రెండోది ఎవరిదమ్మా?"

"నాదేలే డాక్టరమ్మా. కూర్చోండి, దోసె ఏస్తా."

"మీ పట్టీ ఆయన వీపు మీద ఎందుకుంది?"

"ఆయనకి బాగా పట్టింది గదా మందు. నాకు ఓ వారం ఏసి చూశా, గుణం కనపళ్ళా. పారేసేబదులు ఆయనకన్నా పనికొస్తదని."

"నేనొద్దంటానే ఉన్నా డాక్టరుగారూ, ఇనదు," అన్నాడు తరుణ్. అంటూనే చెయ్యి వెనక్కి పోనిచ్చి, రెండోది సరిగ్గా అంటుకుందో లేదో తడిమి చూసుకున్నాడు.

రెండు నెలలు ఏ ప్రపంచ రహస్యం కోసం తను బుర్ర బద్దలు కొట్టుకుందో తెలిసేసరికి ఇందుజకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. మగవాళ్ళకు రెట్టింపు గుణం ఎలా వచ్చిందో కూడా ఇప్పుడు తేటతెల్లమైంది.

ముందు మెల్లగా చెప్పింది. వారానికి గుణం తెలియదనీ, నాలుగు నెలలు పడుతుందనీ, పద్దెనిమిది అంటే ఎంత ప్రమాదమో వివరంగా చెప్పింది. లాస్యమ్మ బుద్ధిగా తల ఊపింది. ఊపుతూనే మొగుడి పళ్ళెంలో ఇంకో దోసె వేసింది.

"పిల్లల కోసమైనా మీరు బాగుండాలి కదమ్మా."

"పిల్లలు పెద్దోళ్ళయ్యారు. ఎవురి సంసారం వాళ్ళది."

"పోనీ మీ కోసం."

"నాకేందమ్మా, తిరగతానే ఉన్నా గదా," అని నవ్వింది లాస్యమ్మ.

"ఇలాగైతే మిమ్మల్ని ప్రయోగంలోంచి తీసేస్తాను."

"తీసెయ్యండి. ఆయన డబ్బా మాత్రం ఆపబాకండి."

అక్కడితో ఇందుజ ఓపిక చచ్చిపోయింది. పదకొండేళ్ళ చదువు, ఆరేళ్ళ పరిశోధన ఈ పొయ్యి ముందు దేనికీ కొరగాకుండా పోయాయి. ఒళ్ళు తెలియని కోపంలో నోటికొచ్చింది అనేసింది.

"సరే. రేపు మందు పనిచెయ్యక ఆయన కిడ్నీలు పోతే ఎవరిస్తారు? మీరేగా? ఈ పాడైపోయిన కిడ్నీయేనా ఇచ్చేది?"

లాస్యమ్మ నవ్వు ఆగిపోయింది. అట్లకాడ పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని మొగుడి వెనక్కి వెళ్ళి, రెండో పట్టీ జాగ్రత్తగా ఊడదీసి తన వీపుకు అతికించుకుంది.

"ఇందాకే ఏశా. ఇంకా మందుంటది గదా?" అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి, "రోజూ ఏసుకుంటే నాది ఇయ్యటానికి పనికొచ్చేట్టు ఎన్నాళ్ళకవుద్దమ్మా?" అంది.

ఇందుజకు తను అన్న మాటకు సిగ్గేసింది, ఆ మాటే పనిచేసినందుకు అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది. అయినా ఆ నెలలో మిగిలిన నూట పంతొమ్మిది ఇళ్ళకూ వెళ్ళింది. చాలా ఇళ్ళలో ఇదే తంతు. వెళ్ళిన ప్రతిచోటా మొదట బాధ్యతగా వైద్యం చెప్పింది. ఎక్కడా తలకెక్కలేదు. చివరికి అదే మాట అంది, అన్నచోటల్లా పట్టీ వీపు మారింది.

నాలుగు నెలల తర్వాత లాస్యమ్మ పనితనం ముప్పై ఏడు. కాళ్ళ వాపు తీసింది. ఊళ్ళో ఆడవాళ్ళందరి అంకెలూ పైకే పోతున్నాయి. విశ్లేషిణి నివేదిక విప్పింది.

"మందు మారలేదు, మనమిచ్చే మోతాదు మారలేదు. మారినది మీరు ప్రతి ఇంట్లో పలికిన ఒక వాక్యం. దాన్ని చికిత్సలో భాగంగా చేర్చి, స్త్రీల డబ్బాల మూత మీద ముద్రించాలని సిఫార్సు చేస్తున్నాను."

"వద్దు. 'మీ ఆరోగ్యం మీది, మీ కోసం వాడండి' అని వేయించు."

"అదే మొదటి రోజు నుంచి ముద్రించి ఉంది డాక్టర్. దాని ప్రభావం సున్నా."

ఇందుజ తెర మీది అంకెల వంక చూసింది. అనుమతి వస్తే రాష్ట్రమంతా ఈ డబ్బాలు పోతాయి. లక్షల మంది లాస్యమ్మలు వాటిని తెరుస్తారు.

"ముద్రించు," అంది.

"పురుషుల డబ్బాల మీద ఏ వాక్యం ముద్రించాలి?"

"వాళ్ళకేమీ అక్కర్లేదు," అంది ఇందుజ. "వాళ్ళు వేసుకుంటారు."