దండ వేయని ఫోటో

చచ్చిపోయిన మనిషికి డ్యూటీ వేయడం గూఢచారి శాఖలో కొత్తేమీ కాదు. కాకపోతే ఈసారి ఆ మనిషిని సొంత ఊరికే పంపుతున్నారు.

బొంబాయిలో ఓ పాత భవనం. బోర్డు మీద మాత్రం ఎరువుల కంపెనీ పేరు. ఏజెంట్ దత్తాత్రి లోపలికి వచ్చేసరికి చీఫ్ కంప్యూటర్ ముందు కూర్చుని, మాటిమాటికీ తెగిపోతున్న ఫోన్ లైన్‌ని తిడుతున్నాడు.

"చూడు. ఇంటర్నెట్‌లో ఒక వెబ్‌సైట్. పేరు కట్‌పాయింట్. వీడియో ఎడిటర్లకి కావలసిన సరంజామా అంతా ఇక్కడ ఫ్రీ. టైటిల్స్, ట్రాన్సిషన్స్, దీపాలు, దండలు, పూలవాన. డౌట్లు అడగడానికి మెసేజ్ బోర్డు."

"ఫ్రీగా ఇస్తే మంచిదేగా సర్?"

"ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం మనం. వాళ్ళ ధైర్యం అదే. ఆ పూలవాన టూల్‌తో చేసిన క్లిప్‌లో ఒక్కో రేకు ఒక్కో అంకె. రేకులన్నీ ఏరితే ఒక రహస్య పత్రం. మొన్న మనవాడొకడు ఆ టూల్‌ని విప్పి చూశాడు. నిన్న దాదర్‌లో లోకల్ ట్రైన్ కింద పడ్డాడు. పడలేదు, తోశారు."

దత్తాత్రి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"సోలాపూర్‌లో ఒక పవర్‌లూమ్ షెడ్డు సైన్యం కోసం ఒక బట్ట నేస్తోంది. అది కప్పితే ట్యాంకు రాడార్‌కి కనపడదు. ఆ నేత డిజైన్ బయటికి పోయిందా, సరిహద్దులో మన కుర్రాళ్ళు నడివీధిలో నిలబడ్డట్టే. షెడ్డులో ఇన్‌స్పెక్షన్ ఫిల్మ్ తీసిందీ, ఎడిట్ చేసిందీ ఒకే మనిషి." చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. "గోదావరి."

ఫోటోలో కైనెటిక్ హోండా మీద నల్ల కళ్ళజోడు పెట్టుకున్న అందగత్తె. దత్తాత్రి ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. ఆమె అతని మేనమామ కూతురు. తాంబూలాలు కూడా అయ్యాయి. ముహూర్తం దగ్గర పడ్డాక, దత్తాత్రి పడవ మునిగి పోయాడని, శవం దొరకలేదని ఇంటికి కబురు వెళ్ళింది. పంపింది శాఖే. పేరులేని మనిషి కావలసి వచ్చింది శాఖకి. ఇది ఎనిమిదేళ్ళ కిందటి మాట.

"ఆమె నీకు ఏమవుతుందో తెలుసు," అన్నాడు చీఫ్. "సోలాపూర్ తెలుగు పేటల మాట అర్థమయ్యేవాడు నాకు ఇంకొకడు లేడు. నువ్వు చచ్చిపోయావు. అదొక్కటి మర్చిపోకు."

సోలాపూర్ అశోక్ చౌక్‌లో మందుల షాపు పైన గోదావరి వీడియో విజన్. హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ట్రైనర్ వాసుదేవ్ మెట్లెక్కాడు. నెరిసిన గడ్డం, రంగు అద్దాలు, చొక్కా కింద దూది బొజ్జ, కొంచెం కుంటి నడక. గొంతు మార్చడం దత్తాత్రికి శాఖ ఎప్పుడో నేర్పింది.

గోదావరి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. చేతుల్లేని జాకెట్టు, ఎర్రటి లిప్‌స్టిక్. భవాని పేట్ అమ్మలక్కలు బీడీలు చుట్టడం ఆపి మరీ ముక్కున వేలేసుకుంటారు. తమ ఇళ్ళలో పెళ్ళికి మాత్రం కెమెరా ఆమే పట్టాలి.

"నాకు నేర్పినోడు ఎవ్వడు లేడు సర్," అంది ఆమె. "ఇంటర్నెట్ల అడుక్కుంట నేర్చుకున్న. మీరు వచ్చిన్రు, లై బరం అయింది, శాన మంచిగైంది."

అతను కంప్యూటర్ వెనక చిన్న డాంగిల్ తగిలించాడు. ఈ తాళం లేకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ తెరుచుకోదని చెప్పాడు. ఆమె ఏం టైపు చేసినా, ఏం పంపినా, ఏం అందుకున్నా అది తనలో దాచుకుంటుందని చెప్పలేదు. అక్కడినుంచి రోజూ పక్కనే కూర్చుని, మౌస్ పట్టుకున్న ఆ చేతిని చూస్తూ కట్ గురించీ డిజాల్వ్ గురించీ పాఠం చెప్పడం అతనికి ప్రాణసంకటమైంది.

ఒక మధ్యాహ్నం గోదావరి షూటింగ్‌కి వెళ్ళింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలెత్తి చూస్తే గుమ్మంలో అతని తల్లి యల్లమ్మ.

మనిషి సగమైపోయింది. కొంగులో క్యాసెట్ ఉంది. ఆమెతోపాటు పొగాకు వాసన గదిలోకి వచ్చింది.

"గోదావరి లేదా బిడ్డా?"

"బయటికెళ్ళిందమ్మా." వాసుదేవ్ గొంతు పలికింది. ఎలా పలికిందో అతనికే తెలియదు.

"మరి నువ్వు సుదారిస్తవా, సక్కగ చేస్తవా? నా బిడ్డ సావిత్రి పెండ్లి క్యాసెట్ ఇది. సురువుల పోయినోళ్ళ ఫోటోలు పెట్టింది. నా కొడుకుది ఇట్ల వచ్చి అట్ల పోతుంది. జరసేపు ఆపు. నాకు కండ్లు ఆనవు."

పెళ్ళి వీడియో మొదట్లో కాలం చేసినవాళ్ళను చూపించడం ఆ పేటల్లో ఆనవాయితీ. ఫోటోకి దండ, ముందు దీపం, రెండూ సాఫ్ట్‌వేర్‌లోనే దొరుకుతాయి. అతను ఫైలు తెరిచాడు. తాత, నానమ్మ, నాన్న. నాన్న ఫోటోకి దండ ఉంది. నాన్న పోయిన సంగతి అతనికి ఆ స్క్రీన్ మీదే తెలిసింది. తర్వాత తను, కాలేజీ రోజుల చొక్కాలో.

"చూసినవా, అందరికి దండ ఉన్నది, వానికే లేదు. క్యాసెట్ చూసినోళ్ళు మీ వాడు బతికున్నడా అని అడిగిన్రు. ఏం చెప్పాలె? దండ వెయ్యి బిడ్డా."

టూల్స్‌లోంచి బంతిపూల దండ ఎంచుకున్నాడు. మౌస్‌తో లాక్కొచ్చి తన మెడలో తనే వేసుకున్నాడు.

"ఇలాగేనా అమ్మా?"

"జర కిందికి. గదువ కనపడాలె. వాని గదువ వాళ్ళ నాయిన లెక్కనే ఉంటది."

కిందికి జరిపాడు. ఫోటో ఆగే సమయం పెంచాడు. యల్లమ్మ వేళ్ళు చాచి స్క్రీన్ మీద ఆ గడ్డం తాకి, కళ్ళకద్దుకుంది. "నీ కడుపు సల్లగుండ," అని దీవించి మెట్లు దిగింది. ఎన్నో దేశాల్లో దెబ్బలు తిన్నవాడు దత్తాత్రి. ఇలాంటిది మాత్రం ఎక్కడా తినలేదు. రంగు అద్దాల వెనక కళ్ళు ధారలు కట్టాయి. లేచి వెనకాలే పరిగెత్తకుండా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

కాసేపటికి అతనిలోని ఏజెంట్ తేరుకున్నాడు. గోదావరి ఒక్క ఫ్రేము కూడా మరిచే మనిషి కాదు. ఇంటిల్లిపాదికీ దండ వేసి తనకొక్కడికే వేయలేదంటే మరుపు కాదు, చేయి రాలేదు. బతికున్నానని ఆమెకి తెలుసు. ఆమె కాకుండా ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. శాఖ చెప్పలేదు. ఇక మిగిలింది శత్రువే.

డాంగిల్ లాగి తన ల్యాప్‌టాప్‌కి తగిలించాడు. మెసేజ్ బోర్డులో ఎవరో గురువు ఆమెకి ఎడిటింగ్ చిట్కాలు చెబుతున్నాడు. చిట్కాల మధ్య బేరం. షెడ్డు డిజైన్ పంపితే నీ వాడి ఫోటో పంపుతాం. ఫోటోలు కూడా దొరికాయి. ఏదో పరాయి నగరంలో వంతెన మీద అతని వీపు, టీ కొట్టు దగ్గర అతని వీపు. ఒక్కదాంట్లో సగం ముఖం. చివరి మెసేజ్ ఆరోజుదే. "నువ్వు ఇన్నాళ్ళూ పంపింది దుప్పట్ల డిజైన్లని తేలింది. సాయంత్రంలోగా అసలుది రాకపోతే శవం ఫోటో వస్తుంది."

లోపలి గదిలోని ఇంకో కంప్యూటర్ మోడెమ్ కీచుమంది. గోదావరి వెనక మెట్ల మీదుగా ఎప్పుడో వచ్చింది. అతను తలుపు తోసేసరికి స్క్రీన్ మీద మల్లెపూలు రాలుతున్నాయి. కింద ఫైలు ఎంత వెళ్ళిందో చూపే నీలం గీత. డెబ్భై శాతం. ఆమె చేతిలో బుల్లి పిస్తోలు.

"ఆన్నే ఆగుర్రి సర్. వైరు ముట్టకుర్రి."

"ఆ బట్ట కింద ఎంతమంది ప్రాణాలున్నాయో తెలుసా?"

"తెలుసు. ఒక్కొక్కనికి ఒక ఇల్లు ఉంటదని తెలుసు." ఆమె కళ్ళు నీలం గీత మీదికి పోయాయి. "నాకు ఒక్కడే ఉన్నడు. దుప్పట్లు పంపి ఇన్ని దినాలు వాళ్ళను ఆగం చేసిన. ఇగ చెల్లలే."

ఎనభై అయిదు. జేబులో అతనికీ పిస్తోలుంది. ఇలాంటప్పుడు కాల్చమంటుంది శాఖ. చేయి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. అద్దాలు తీశాడు. గడ్డం ఊడబెరికాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. పిస్తోలు మాత్రం దించలేదు. "ఫోటోలు పంపినోళ్ళు మనిషిని గూడ తయారు చేసి పంపుతరు."

తొంభై అయిదు. అతను చదువుకున్న భాషలన్నీ వదిలేసి ఇంటి భాషలో చెప్పాడు. "గడ్డా జాత్రల పెద్ద చక్రం ఎక్కినం. నువ్వు నా కొత్త అంగీ మీద కక్కినవ్. ఇంట్ల అడిగితే నేనే కక్కిన అన్న. నాయిన ఏడాది దాక నవ్విండు."

తొంభై తొమ్మిది. గోదావరి పిస్తోలు విసిరేసి, రెండు చేతులతో ఫోన్ వైరు పట్టుకుని గోడలోంచి పీకేసింది. గీత అక్కడే నిలిచిపోయింది.

అతని చెంప పగలగొట్టింది. "ఇన్ని దినాల సంది పక్కన కూసోని ట్రాన్సిషన్లు నేర్పినవ్. సిగ్గు లేదా బావా?" తర్వాత నెమ్మదిగా అడిగింది. "అత్తమ్మ క్యాసెట్ తీసుకొని వస్తనన్నది."

"వచ్చి పోయింది."

"చెప్పినవా?"

అతను తల అడ్డంగా ఊపాడు. అప్పటిదాకా ఏడవని గోదావరి అత్తమ్మ కోసం భోరున ఏడ్చింది.

ఫోన్‌లో అంతా విని చీఫ్ తేల్చేశాడు. "అరెస్టు లేదు. ఇప్పట్నుంచి ఆమె మన డబల్ ఏజెంట్. లైన్ తెగిందని చెప్పి, మనమిచ్చే తప్పుడు డిజైన్ పంపుతుంది. నువ్వు రేపే దేశం దాటాలి. నువ్వు అక్కడ కనపడుతుంటేనే నిన్ను చూపించి ఆమెను ఆడిస్తున్నామని వాళ్ళు నమ్ముతారు. నమ్మినంతకాలం ఆమె ప్రాణానికి ఢోకా లేదు."

"మా అమ్మకి, సర్?"

"పోయినవాళ్ళు ఉత్తరాలు రాయరు, దత్తాత్రీ."

మెట్ల దాకా గోదావరి వచ్చింది. పొమ్మనలేదు, ఉండమనలేదు. "వాళ్ళు ఎప్పుడు చూసినా నీ వీపే పంపుతరు," అంది. "జర కెమెరా దిక్కు చూడు బావా."

ఏడాది తిరిగింది. శత్రుదేశపు శాస్త్రవేత్తలు శాఖ గుర్తుపట్టకుండా మార్చి పంపిన సోలాపూర్ దుప్పటి నెమలిలో రాడార్ రహస్యం వెతుకుతున్నారని చీఫ్‌కి కబురందింది. దాంతోపాటే వాళ్ళ నిఘా ఫోటోగ్రాఫర్ పైవాళ్ళకి పంపిన రిపోర్టు కూడా చేతికి చిక్కింది. అందులో ఇలా ఉంది: "ఈ ఏజెంట్ మమ్మల్ని తప్పించుకోవడం మానేశాడు. కెమెరా కనపడితే తల దువ్వుకుని, వెలుగు ముఖాన పడేలా నిలబడి, మేము నొక్కేదాకా కదలడం లేదు. ఇది భారతీయుల కొత్త ఎత్తుగడ అని మా అనుమానం."