ఫుల్ పవర్‌లో వినపడని మాట

మూడు నలభై తొమ్మిది. హోటల్ కాన్ఫరెన్స్ హాల్లో, వైఫై మెకానిక్ వేషంలో నిచ్చెన మీదున్న ఏజెంట్‌కి ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

“నీ చెల్లెల్ని బేస్‌మెంట్‌లో గ్యాస్ సిలిండర్‌తో పాటు పెట్టి తాళం వేశారు. నాలుగింటికి దాని టైమర్ గ్యాస్ వదులుతుంది. శత్రువుల కోడ్ బుక్ నా దగ్గరుంది. సిలిండర్ నంబర్ చెప్పు, ఆపే కోడ్ చెబుతా.”

డిపార్ట్‌మెంట్‌లో ఈ ఏజెంట్ పేరు డప్పు. రహస్యం చెప్పినా పక్కవీధికి వినిపించే గొంతు. ఎదుటివాళ్ల మాట పూర్తిగా వినే అలవాటు లేదు. ఇతన్ని గూఢచారిగా ఎవరు ఎంచుకున్నారో, ఆ ఫైలు కూడా రహస్యమే.

చెల్లెలి వాచీ హోటల్ వైఫై మీద మెసేజ్‌లు పంపుతుంది. “అన్నయ్యా, నంబర్ వెతుకుతున్నా,” అని ఒకటి వచ్చింది.

“సిగ్నల్ చాలదేమో. ఈ హాలు వైఫై బాక్సు పవర్ ఫుల్‌గా పెట్టండి,” అంది పక్కనే ఉన్న ఫ్లోర్ మేనేజర్. అందగత్తె, మన ఇన్ఫార్మర్, కోడ్ నేమ్ వెన్నెల.

డప్పు ముందూ వెనకా చూడకుండా చేతిలోని లాప్‌టాప్‌లో పెట్టేశాడు. తర్వాత అతను పంపిన ప్రతి మెసేజ్ చెల్లెలికి చేరింది. ఆమె నుంచి ఒక్కటీ రాలేదు.

మూడు యాభై ఏడు. చెల్లెల్ని ఈ ఉద్యోగంలోకి లాగింది తనే. ఆ సంగతి తలచుకుంటే ఏడుపొచ్చింది.

లాప్‌టాప్ తెరని మళ్లీ చూశాడు. ఆమె వాచీ హాలు బాక్సుకే అతుక్కుని ఉంది. ఆమె గది గుమ్మం పైనే ఉన్న బేస్‌మెంట్ బాక్సు ఖాళీగా ఉంది. అప్పుడు అర్థమైంది. హాలు బాక్సు అరుపు కిందిదాకా వెళ్తోంది. గోరంత వాచీ బదులు పలికితే పైదాకా రావడం లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టంటారు. ఇక్కడ శంఖం ఊదేవాడికే చెవుడు.

“పవర్ తగ్గించకండి.” వెన్నెల చేతిలో లిప్‌స్టిక్, అందులోంచి పిస్టల్ గొట్టం. “ఇంకో రెండు నిమిషాలే కదా.”

డప్పు దూకి నిచ్చెనని ఆమె మీదికి తోశాడు. గుండు సీలింగ్‌లో దిగింది. పవర్ అడుగుకి లాగాడు.

తెర మీద వాచీ మాయమైంది. పది సెకన్లు ఏమీ లేదు. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత బేస్‌మెంట్ బాక్సు కింద వాచీ కనిపించింది, వెంటనే నంబరూ వచ్చింది. చీఫ్ కోడ్ చెప్పాడు, డప్పు పంపాడు. టైమర్ ఒక్క సెకను దగ్గర ఆగింది.

తలుపు పగలగొట్టాక అతను బొంగురు గొంతుతో అరిచాడు. “ఎన్నిసార్లు అడిగాను, పలకవేం?”

“మొదట్నుంచీ పలుకుతూనే ఉన్నా అన్నయ్యా. నువ్వు గొంతు తగ్గించాక వినపడింది.”

డప్పు ఆమె పక్కన కూర్చున్నాడు.

“సరే, చెప్పు,” అన్నాడు, చాలా మెల్లగా.