పదిహేడో నంబరు డబ్బా

అయినా, లోపల ఏముందో తెలిసిన కవరును తెరవడం దేనికి?

తొమ్మిది రోజులుగా ఇన్‌స్పెక్టర్ తనకు తాను చెప్పుకుంటున్న మాట ఇదే. కవరు మీద అన్నయ్య చేతిరాత. దాన్ని ఇంట్లో పెట్టలేడు, పారేయలేడు. చొక్కా మారినప్పుడల్లా కవరు కూడా జేబు మారుతోంది. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు కేసు వంక పెట్టి తను వెళ్ళలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు మాటల్లేవు. ఇప్పుడు ఉత్తరం. ఆ తప్పు ఎత్తిచూపడానికి కాకపోతే ఇంకెందుకు రాస్తాడు?

"సార్, వింటున్నారా?"

అతను తలెత్తాడు. టైము 3.10. సినిమా ఫెస్టివల్ ఆఫీసు, మూడో అంతస్తులో ఒకే గది. పొడవాటి బల్ల, నాలుగు కుర్చీలు, ఒక పాత ఫ్రిజ్. ఫ్రిజ్ తలుపు మీద కాగితం: 'సినిమాలు మాత్రమే. టిఫిన్ డబ్బా పెట్టినవారి ఎంట్రీ రద్దు.'

మాట్లాడుతున్నది ఫెస్టివల్ సెక్రటరీ. యాభై ఏళ్ళావిడ. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని గదంతా దాన్నే వెతుకుతోంది.

"ఇది పెద్ద సినిమాల పండగ కాదండీ. ప్రయోగాలు చేసేవాళ్ళది. రూల్ ఒక్కటే. ఒక్క రీలు, మూడు నిమిషాలు. ఎడిటింగ్ ఉండదు. రీలు కడగకుండా పంపాలి. మేమే ల్యాబ్‌లో కడిగిస్తాం. తీసినవాళ్ళు కూడా హాల్లో జనంతోపాటే మొదటిసారి చూస్తారు."

"బాగోకపోతే?"

"అందరి ముందూ బాగోదు."

"ఇంకో కాపీ?"

"కడగని రీలుకి కాపీ ఏముంటుంది సార్? ఉన్నది ఒక్కటే. ల్యాబ్ వ్యాన్ ఆరింటికి వస్తుంది. ఈలోపు పోయిన రీలు దొరకలేదా, పదిహేడో నంబరు సినిమా ఇక లేనట్టే."

బల్ల మీద గుండ్రటి రేకు డబ్బా. ఖాళీది. దాని మీద నీలం సిరాతో 17. అంకెలు స్పష్టంగా ఉన్నాయి. లేబుల్ మాత్రం వంకరగా అంటించి ఉంది.

కిటికీ పక్కన ఒక యువతి నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. సినిమా ఆమెదే. ఫిర్యాదూ ఆమెదే. పక్క కుర్చీలో ఆమె తండ్రి. నలభై ఏళ్ళు ఫిల్ములు కడిగిన మనిషి. అందరూ ల్యాబ్ మాస్టారంటారు. ఫెస్టివల్‌కి సాంకేతిక సలహాలు ఆయనవే. ఒళ్ళో నల్లగుడ్డ సంచి. వెలుతురు చొరకుండా అందులో చేతులు దూర్చి రీలు మార్చుకునే సంచి.

ఇన్‌స్పెక్టర్ ఎంట్రీ ఫారం తీశాడు. పేరు: 'మూత తీసిన మధ్యాహ్నం.' వివరం: 'డార్క్‌రూమ్ మూసేసిన రోజున మా నాన్న.'

"ఏ మూత?"

"ఏమో. ఈ సినిమాల్లో అలాంటివి అడక్కూడదు సార్," అంది సెక్రటరీ.

అతను గదిలో అటూ ఇటూ నడిచాడు. తొమ్మిది అడుగులు అటు, తొమ్మిది ఇటు. చెయ్యి దానంతటదే జేబు మీదకు పోయింది. వెనక్కి లాక్కున్నాడు.

"పొద్దున్నుంచీ చెప్పండి. టైములతో సహా."

"తెరిచి చూడకూడదు కదా, అందుకని తొమ్మిదిన్నరకి ముప్ఫై ఒక్క డబ్బాలూ తూకం వేశాను. సరిపోయాయి. పది నుంచి పదకొండు దాకా నేను హాలుకి వెళ్ళాను. ఇక్కడ ఈ గడ్డం కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. పదకొండూ పదికి కరెంటు పోయింది. పన్నెండూ ముప్ఫై అయిదుకి వచ్చింది. ఒంటిగంటంపావుకి మాస్టారొచ్చి ఫ్రిజ్ చూశారు. రెండున్నరకి మళ్ళీ తూకం వేస్తే పదిహేడు బరువు లేకుండా తేలిపోయింది."

గడ్డం కుర్రాడు పోటీదారుల్లో ఒకడు. గడ్డం తప్ప ముఖంలో పెద్దగా ఏమీ కనిపించదు.

"పది నుంచి పదకొండు దాకా ఏం చేశావ్?"

"పోస్టర్లు అంటించాను."

"ఈ సినిమా తీసినావిడతో గొడవపడ్డావట?"

"నా సినిమాని వాన మరక అంది సార్."

"దాంతో కోపమొచ్చింది."

"రాదా? కానీ ఆవిడ సినిమా కంటే నాది గొప్పది. దొంగతనం చేయాల్సి వస్తే ఆవిడే చేయాలి!"

"నీ సినిమాని దొంగిలించడానికి ముందు అందులో ఏదైనా ఉండాలిగా!" అంది ఆ యువతి.

ఇన్‌స్పెక్టర్ గడ్డంవాడి సంచి వెతికాడు. కట్టర్, జిగురు, సగం తిన్న బిస్కెట్ల పాకెట్. పోస్టర్లు లెక్కపెట్టించాడు. నలభై. అన్నీ గోడల మీదే ఉన్నాయి. అబద్ధం కాదు.

4.25. ఏమీ తేలలేదు.

అతను ఫ్రిజ్ తెరిచి మిగతా డబ్బాలు ఒక్కొక్కటే బయటపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... వరసగా ముప్ఫై. చెయ్యి ఆగింది. ఒకదాని మీద 9 బొడిపెలా ఉబ్బి ఉంది. ఇంకోదాని మీద 24 నీలి మచ్చ.

"ఈ సిరా ఇలా పాకిందేంటి?"

సెక్రటరీ సిగ్గుపడింది. "కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ వేడెక్కుతుందని భయమేసింది. అన్నీ తీసి కిటికీ దగ్గర గాలికి పెట్టాను. వాటికి చెమట పట్టేసింది. తుడిచి, కరెంటు రాగానే మళ్ళీ లోపల పెట్టాను."

"చల్లటి డబ్బాల్ని బయట పెడతారా ఎవరైనా!" మాస్టారు కుర్చీలోంచి సగం లేచాడు. "నాకు చెప్పలేదే?"

వెంటనే కూర్చుండిపోయాడు. సంచిని కాస్త దగ్గరకు లాక్కున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆయనవైపు చూడలేదు. విజిటర్ల రిజిస్టర్ తెరిచాడు. 1.15కి మాస్టారు చేసిన సంతకం రెండు గీతలు దాటి కింది గళ్ళోకి జారిపోయింది.

"అమ్మా, ఈ లేబుల్ రాసింది నువ్వేనా?"

"నేనే. ఫెస్టివల్ వాళ్ళు ఎంట్రీ కిట్‌లో రెండు లేబుళ్ళు పంపుతారు. రెంటి మీదా నంబరు రాశాను. ఒకటి స్పేరు."

"స్పేరు ఎక్కడుంది?"

"ఇంట్లో. సొరుగులో..."

ఆమె తండ్రివైపు తిరిగింది.

గోడ గడియారం 5.20 చూపిస్తోంది. ఇన్‌స్పెక్టర్ అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు.

"దొంగతనం పదికీ పదకొండుకీ మధ్య జరిగిందని మీ అందరి అనుమానం. కానీ ఈ డబ్బా చూడండి. ముప్ఫై డబ్బాలు చెమట పట్టాయి. ఇదొక్కటే పొడిగా ఉంది. అంటే మిగతావి కిటికీ దగ్గర ఉన్నప్పుడు ఇది ఈ గదిలోనే లేదు. అసలు డబ్బా తీసి ఇది పెట్టింది పన్నెండూ ముప్ఫై అయిదు తర్వాత. చూపు సరిగ్గా ఉన్నవాడైతే పక్క డబ్బాల మీద సిరా పాకడం గమనించేవాడు. ఈ మనిషి గమనించలేదు. మాస్టారూ, పదిహేడో డబ్బాని ఎలా పోల్చుకున్నారు?"

"వేళ్ళతో లెక్కపెట్టాను," అన్నాడు మాస్టారు.

"నాన్నా!"

ఆయన నల్ల సంచి మూతి విప్పి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద 17 నీళ్ళలో ముంచినట్టు పాకిపోయి ఉంది.

"ఎందుకు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"షూటింగ్ రోజు బల్ల మీద రెండు కెమెరాలున్నాయి సార్. ఒకటి ఖాళీది. తుడుద్దామని దాని మూత తీశాననుకున్నాను. తీసింది రీలున్న దాని మూత. ఎండలో. మూడంకెలు లెక్కపెట్టేంతసేపు. నలభై ఏళ్ళలో ఒక్క ఫిల్ము మీద వెలుతురు పడనివ్వలేదు. చివరికి నా కూతురి ఫిల్మే..." ఆయన కళ్ళు నులుముకున్నాడు. "కళ్ళ సంగతి దానికి చెప్పలేదు."

"ఏమీ తీయని రీలు పెట్టి ఉంటే ఇవాళ బయటపడేదే కాదు. ఖాళీ డబ్బా ఎందుకు పెట్టారు?"

"ఆ రీలు హాల్లో ఆడితే జనం నా కూతుర్ని చూసి నవ్వుతారు. దొంగతనమైతే జాలిపడతారు."

"మరి పారేయలేదేం?"

"కడగని రీలుని పారేసే చెయ్యి కాదు సార్ ఇది."

ఆమె కుర్చీ లాక్కుని తండ్రి ఎదురుగా కూర్చుంది. కోపంగా ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మూత చప్పుడు నాకు వినపడలేదనుకున్నావా?"

మాస్టారు ఆమె గొంతు వచ్చినవైపు తల తిప్పాడు.

"తలుపు దగ్గరే ఉన్నాను. నువ్వు మూత తీయడం చూశాను. మళ్ళీ వేసి, కెమెరా మీద చెయ్యి పెట్టి అలా నిలబడిపోవడం చూశాను. సొరుగు తెరవడానికి హ్యాండిల్ తడుముకోవడం నెల రోజుల నుంచీ చూస్తున్నాను. నువ్వు చెప్తావని ఆగాను. తెలిసే పంపాను నాన్నా. సినిమాకి ఆ పేరెందుకు పెట్టాననుకున్నావు? ఫారం చదివించుకోవాల్సింది."

ఇన్‌స్పెక్టర్‌కి ఫారం గుర్తొచ్చింది. 3.10కే తన చేతిలో ఉంది. చదివి పక్కన పెట్టేశాడు.

"అంతా తెల్లగా పోయుంటుందమ్మా," అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

"పైచుట్లు పోయుంటాయి. లోపలి చుట్లు మిగిలాయేమో. ఎంత మిగిలిందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. చూడకుండానే పోయిందని నువ్వెలా తేల్చేశావు?"

మాస్టారు డబ్బాను తడిమి, చేత్తో ఆమెవైపు జరిపాడు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను సార్," అంది ఆమె.

"ఏ ఫిర్యాదు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గడ్డం గొంతు సవరించుకున్నాడు. "మరి నాకు సారీ ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాలే," అంది ఆమె. "వాన మరక కూడా బాగానే ఉంది."

5.52. కింద వ్యాన్ హారన్ మోగింది. సెక్రటరీ డబ్బాని తూకం వేసి పెట్టెలో సర్దింది. కళ్ళజోడు నెత్తిమీదే దొరికింది.

ఇన్‌స్పెక్టర్ మెట్లు దిగుతున్నాడు. రెండో అంతస్తు మలుపులో కాళ్ళు ఆగాయి. పైనుంచి తండ్రీకూతుళ్ళ మాటలు గొణుగుడులా వినిపిస్తున్నాయి. ఏమంటున్నారో తెలియడం లేదు. చూడకుండానే పోయిందని నువ్వెలా తేల్చేశావు? ఆ ప్రశ్న ఆమె మాస్టారిని అడిగింది. తనని కాదు.

అతను మెట్టు మీద కూర్చున్నాడు. జేబులోంచి కవరు తీశాడు. తొమ్మిది రోజుల చెమటకి అన్నయ్య చేతిరాత కూడా కాస్త పాకింది.

వేలితో అంచు చింపాడు.