ఆఖరి వాక్యం చదవొద్దు

బాబాయ్ కథ చదువుతుండగానే ఆయన వెనుక తలుపు తెరుచుకుంది.

'నాలుగింటి కథ' ఆన్‌లైన్ గ్రూపు సభ్యులంతా ఆ దృశ్యాన్ని స్క్రీన్ల మీద చూశారు. మాస్క్ మనిషి ఒకడు లోపలికొచ్చాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. బాబాయ్ నుదురు కీబోర్డు మీద వాలిపోయింది. కళ్లజోడు మీంచి నెత్తురు కారుతుంటే, "ఆయనకేమైందండీ?" అని ఎవరో అడిగారు. మరుక్షణం స్క్రీన్ నల్లబడింది.

చీఫ్ గదిలో ఆ రికార్డింగ్‌ను తూనీగ కన్నార్పకుండా చూశాడు. తూనీగ అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ నేమ్. పోయినాయన అతని సొంత బాబాయ్. చెయ్యి పట్టుకుని ఈ వృత్తిలోకి తెచ్చిన మనిషి.

"రిటైరయ్యాడుగా సార్. కాలక్షేపానికి కథలు చదువుకుంటున్నాడనుకున్నాను."

"చదువుకుంటూనే కాపలా కాస్తున్నాడు. ఆ గ్రూపులో పెద్దమ్మ అని అందరూ పిలిచే ఆవిడ మన మిసైల్ సైంటిస్ట్. సేఫ్ హౌస్‌లో దాచాం. చుట్టూ జామర్లు. ఫోన్ పలకదు, రిమోట్ పనిచెయ్యదు. ఆవిడకు బయటి గొంతు వినపడేది ఈ కథల లైన్‌లోనే. విదేశీ ముఠా ఆవిడ కోసమే గ్రూపులో దూరింది."

"అయితే గ్రూపు ఆపేయొచ్చుగా?"

"ఆపితే వెన్నెలను చంపేస్తారు." చీఫ్ ఒక ఫోటో ముందుకు జరిపాడు. ఎవరైనా రెండోసారి చూసే ముఖం. "గ్రూపు అడ్మిన్. డబుల్ ఏజెంట్. ముఠా తమ మనిషనుకుంటోంది, కానీ మన మనిషే. ఇప్పుడు వాళ్లకు అనుమానం వచ్చింది. మీ బాబాయ్ సగంలో ఆపిన కథను నివాళిగా ఇవాళ ఆమె పూర్తి చేస్తోంది. ఆమెను ప్రాణాలతో బయటికి తీసుకురా."

తూనీగ ఇంటర్నెట్ మెకానిక్ వేషంలో వెళ్లి, వెన్నెల ఉండే అపార్ట్‌మెంట్ బెల్ నొక్కాడు. తలుపు తీసినవాడు గుమ్మానికి నిండుగా ఉన్నాడు.

"నెట్ బానే ఉంది. పో."

"బాగుందని సంతకం పెట్టండి, పోతాను."

వాడు పెన్ను అందుకోబోయాడు. అది పెన్ను కాదు, స్టన్ గన్. షాక్ మెడలోకి దిగినా వాడు పడలేదు. తిరగబడి, తూనీగను గొంతు పట్టుకుని గోడకేసి బాదాడు. ఇద్దరూ పెనుగులాడుతూ వంటింట్లోకి దొర్లారు. తన పక్కటెముక విరిగిన చప్పుడు తూనీగకే వినిపించింది. చేతికందిన ఇనప పెనంతో వాడి కణత మీద కొట్టాడు. ఎముక చితికేదాకా కొట్టాడు.

రొప్పుతూ లేచాడు. గట్టు మీద విప్పిన హెడ్‌ఫోన్, దాని పక్కన ప్లాస్టిక్ ఎక్స్‌ప్లోజివ్ ముద్ద, వాయిస్ చిప్‌లు.

కింద పడినవాడు నెత్తుటి నోటితో నవ్వాడు. "ఇలాంటిదే ముసలమ్మ చెవులకుంది. వెన్నెల పంపిన కానుక అని మీవాళ్లే తీసుకెళ్లి ఇచ్చారు. ఆఖరి వాక్యం ఆమె గొంతులో వినపడగానే తల ఎగిరిపోతుంది."

ఆ మాటతోనే వాడి ఊపిరి ఆగింది.

హాల్లో వెన్నెల చదువుతోంది. నీలం గౌను, తేనెలాంటి గొంతు. పెదవుల దగ్గరున్న మైక్ ఆ గొంతును తప్ప మరే శబ్దాన్నీ అవతలికి పంపదు. తూనీగను చూసినా ఆమె చదవడం ఆపలేదు. కెమెరాకు అందకుండా ఎడమ చేత్తో పిస్టల్ ఎత్తి, పేజీ తిప్పినంత తేలిగ్గా కాల్చింది.

తూటా అతని భుజాన్ని చీల్చుకుపోయింది. నేలమీద పడ్డాడు.

"ఇక ఆఖరి వాక్యం," అంది వెన్నెల, సభ్యులతో నవ్వుతూ.

అతని చేతికి రౌటర్ కేబుల్ తగిలింది. వాక్యంలో మొదటి మాట ఆమె నోట వెలువడే లోపు, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. ఆమె వాక్యం పూర్తి చేసి, పేలుడు వినడానికి చెవి ఒగ్గింది. తెర మీద ముఖాలన్నీ కదలకుండా నిలిచిపోయాయి.

"బాబాయ్‌నెందుకు చంపించావు?" అన్నాడు, ఊడిన కేబుల్ చూపించి.

"ఆయనకూ అలాంటి హెడ్‌ఫోనే కానుకిచ్చాను, విప్పి చూశాడు. నాకూ ముప్పుందనుకుని, 'జాగ్రత్తమ్మాయ్' అని ముందు నాకే ఫోన్ చేశాడు. మంచివాడు."

మళ్లీ గురిపెట్టింది. అతను కేబుల్‌ను ఆమె మడమకు చుట్టి లాగాడు. ఆమె తన మీద పడగానే పిస్టల్ కోసం పెనుగులాట మొదలైంది. గోళ్లు అతని గాయంలోకి దిగాయి. అతను అరిచాడే కానీ ఆమె మణికట్టు వదల్లేదు. తూటా ఆమె దవడ కింద దూరింది. ఆ అందమైన ముఖం వంక అతను చూడలేకపోయాడు. బాబాయ్ చేత 'అమ్మాయ్' అనిపించుకున్న మనిషి. కోపం పోయింది, దాని చోట ఏడుపూ రాలేదు.

గోడకు ఆనుకుని చీఫ్‌కు ఫోన్ చేశాడు. "సేఫ్ హౌస్‌కు బాంబ్ స్క్వాడ్‌ను పంపండి. హెడ్‌ఫోన్ తీయించండి."

కాసేపటికి చీఫ్ తిరిగి చేశాడు.

"పెద్దమ్మ క్షేమమేనా సార్?"

"క్షేమమే. కానీ ఆ ఆఖరి వాక్యమేమిటో చెబితే తప్ప హెడ్‌ఫోన్ తియ్యనంటోందయ్యా."