గాలికి ఎదురు వాలేవాడు

ఇప్పుడు ఆ ఇంటి డాబా మీద గాలికి కిర్రు కిర్రుమంటూ తిరిగే మూడు గిన్నెలూ, పక్కన ఇనుప బాణమూ ఉన్నాయే, అవి ఒకప్పుడు రేవు ఆఫీసు మేడ మీద ఉండేవి. రోజూ పొద్దున్నే వాటిని చూసి గాలి ఎటునుంచి వస్తోందో, ఎంత జోరుగా ఉందో పడవలవాళ్ళకి చెప్పడం ఓ అమ్మాయి ఉద్యోగం. రేవులో అందరూ ఆమెని గాలిపిల్ల అనేవారు. అంతకు ముందు ఆ ఉద్యోగం వాళ్ళ తాతది. ఆయన వాటికి నూనె పెడుతుంటే కొంగు పట్టుకున్నట్టు చొక్కా పట్టుకుని తిరిగిన పిల్ల అది.

ఆ మేడ మీదికి ఒకరోజు ఓ పొడుగాటి కుర్రాడు డ్రోన్ పెట్టె మోసుకుంటూ, రొప్పుతూ ఎక్కొచ్చాడు.

"పది రోజులు మీ లెక్కా, నా డ్రోన్ లెక్కా పక్కపక్కన పెట్టి చూస్తామండీ. రెండూ కలిస్తే ఈ గిన్నెలు దించేస్తారు."

"కలవకపోతే?"

"నన్ను దించేస్తారు," అని నవ్వాడు.

మొదటి రోజే వేగం సరిగ్గా కుదిరింది. దిక్కు మాత్రం తలకిందులు! ఆమె తూర్పంటే అతని కాగితం పడమరంది.

"మీ బాణానికి వయసైపోయిందండీ."

"మీ కందిరీగకే కళ్ళు తిరుగుతున్నాయి. కాసేపు నీడన పడుకోబెట్టండి."

మూడో రోజుకి ఆమెకి సంగతి తెలిసిపోయింది. గాలి ఎటునుంచి వస్తే ఆ దిక్కు రాయడం గాలి లెక్కలవాళ్ళ పద్ధతి. ఇతనేమో గాలి ఎటు పోతోందో ఆ దిక్కు రాస్తున్నాడు. ఒక్క మాట చెబితే చాలు. కానీ చెబితే గిన్నెలు పోతాయి. తాత మొహం గుర్తొచ్చి నోరు కట్టేసుకుంది.

ఐదో రోజు వాన దంచేసింది. ఇద్దరూ నీళ్ళ ట్యాంకు కింద దూరారు. అతను తను తడుస్తూ డ్రోన్‌ని తువ్వాల్లో చుట్టి పట్టుకున్నాడు.

"పసిపిల్లాడా ఏంటి?"

"పిల్లాడు బుద్ధిమంతుడేనండీ. దిక్కులే సరిగ్గా చెప్పడు," అని ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూ తల దించుకుంది.

తొమ్మిదో రోజు ఉండబట్టలేక అడిగింది. "దీనికి గిన్నెల్లేవు, బాణం లేదు. మరి గాలి సంగతి ఎలా తెలుస్తుంది?"

"దీనికి తెలిసిందొక్కటే. ఉన్నచోటే ఉండమన్నాను. గాలి తోస్తుంటే కొట్టుకుపోకుండా ఎదురు వాలుతుంది. ఎటు వాలిందో, ఎంత వాలిందో చూసి గాలి ఎటో, ఎంతో లెక్కకడతాం."

ఆమె తలెత్తింది. అంత గాలిలోనూ అది ఓ పక్కకి వాలి, ఉన్నచోటు వదలకుండా నిలబడింది. ఆమె ఇక ఆగలేకపోయింది.

"మీ డ్రోన్ తప్పు లేదండీ. మీరే దిక్కు తిరగేసి రాస్తున్నారు. నాకు ఆరు రోజుల్నుంచీ తెలుసు, చెప్పలేదు. ఏం తిడతారో తిట్టండి."

అతను తిట్టలేదు. సంచిలోంచి ఓ కాగితం తీశాడు. దిక్కులన్నీ సరిదిద్దిన లెక్క. పైన తేదీ నాలుగో రోజుది!

"తెలిసీ నోరెత్తలేదేం?"

"చెబితే ఆ రోజే పని అయిపోయేది. మళ్ళీ ఇన్ని మెట్లెక్కడానికి ఏ సాకు చెప్పను?"

"దొంగ!"

"మీరేమో సత్యసంధులా?"

ఇద్దరూ నవ్వారు. ఆమె మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

లెక్కలు కలిశాయి. గిన్నెలు దిగిపోయాయి. పడవలవాళ్ళకి చెప్పే పని ఆమెకే మిగిలింది, డ్రోన్ చూసి. దించిన గిన్నెల్ని మాత్రం అతనే భుజాన వేసుకుని తాత ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

తాత గిన్నెల్ని చూశాడు, వెనకాల తల వంచుకున్న మనవరాల్ని చూశాడు.

"ఇవి ఇవ్వడానికొచ్చావా బాబూ, ఇంకోటి అడగడానికొచ్చావా?"

"రెండూనండీ."

"అయితే ముందు డాబా ఎక్కి ఇవి బిగించు. నూనె మరీ ఎక్కువ పెట్టకు. ఇక కొలిచే పని లేదుగా, కాస్త కిర్రుమననీ. ఇంట్లో ఉన్నా నాకు వినబడాలి."

తాత పోయి చాలా ఏళ్ళైంది. అతను ఇప్పటికీ నెలకోసారి నూనె గిన్నె పట్టుకుని డాబా ఎక్కుతాడు. "గాలి ఎటునుంచి?" అని ఆమె కింద నుంచి అరిస్తే కావాలనే తిరగేసి చెబుతాడు, తిట్లు తింటాడు. నూనె మాత్రం ఒక్క చుక్క తక్కువే వేస్తాడు.