కొసరు గ్లాసు

కుస్కో పట్నంలో ఆ రోజు వాన రేకుల కప్పు మీద పడి చేస్తున్న చప్పుడుకి సాన్ పెద్రో మార్కెట్‌లో ఎవరి మాటా ఎవరికీ వినిపించడం లేదు. ఎలియో తన వెంట వచ్చిన నలుగురు యాత్రికులను పళ్ళరసాల వరుసలోకి తోలుకొచ్చి, ఏ కొట్టు ముందు బెంచీ ఖాళీగా కనిపిస్తే అక్కడ కూర్చోబెట్టాడు. అది నిల్దా కొట్టు కావడంలో అతని ప్రమేయం ఏమీ లేదు. అంతా వాన పుణ్యమే.

గైడు పని కదా, కూర్చోగానే పాఠం మొదలుపెట్టాడు. ఈ మార్కెట్‌లో గ్లాసుతో పాటు కొసరు కూడా ఉంటుందనీ, అడగడానికి సిగ్గుపడొద్దనీ, అడిగితే ఎవరూ కాదనరనీ గొంతు చించుకుని చెప్పాడు. తొందరలో ఒక్క ముక్క మరిచిపోయాడు. ఎర్రజుట్టు పొడుగాటి ఆయన మాత్రం శ్రద్ధగా విన్నాడు. బొప్పాయి రసం గ్లాసు ఎదురుగా పెట్టగానే, పెదవికి ఆనించకుండానే, నేర్చుకున్న మాట గట్టిగా అప్పజెప్పాడు.

"కొసరు."

నిల్దా మిక్సీ ఆపింది. నీలం ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని, ఆ ఎర్రజుట్టాయన్ని వదిలేసి, నేరుగా ఎలియో వైపు చూసింది.

"ఏం గైడు బాబూ, మీరు వీళ్ళకి నేర్పింది ఇదేనా?"

"కొసరు అడగొచ్చని చెప్పాను. తప్పేముంది?"

"అడగొచ్చు. గ్లాసు ఖాళీ అయ్యాక. తాగకముందే అడిగితే నేను తక్కువ పోశానన్నట్టు. చూడండి, ఎక్కడ తక్కువుందో."

ఎక్కడా తక్కువ లేదు. అంచు దాకా ఉంది. గ్లాసు ఖాళీ అయ్యాకే అడగాలన్న సంగతి చిన్నప్పటి నుంచీ తెలిసిన ఎలియోకి చెవులు వేడెక్కాయి. యాత్రికుడి వైపు వంగి వరస సరిచేసి చెప్పాడు. ఆయన పాపం గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో ఖాళీ చేసి, రెండు చేతులతో ముందుకు చాపాడు. నిల్దా నవ్వాపుకోలేకపోయింది. మిక్సీ జారులో మిగిలింది ఆయనకి కొంత పోసి, అడుగున ఉన్నది వేరే గ్లాసులో ఎలియో ముందు పెట్టింది.

"నేనేమీ అడగలేదండీ."

"తాగండి. గొంతు ఎండితే ఇంకో పాఠం తప్పు చెబుతారు."

ఆ తర్వాత ఎలియో బృందం ఉన్నా లేకపోయినా ఆ బెంచీ చివర కూర్చోవడం మొదలుపెట్టాడు. వానలు ముదిరే కొద్దీ 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది, 'గైడు బాబు' పోయి 'కసేరో' వచ్చింది. ఆ మార్కెట్‌లో కసేరో అంటే వాడుక మనిషి. ఒక కొట్టుకి వాడుక పడిన మనిషి ఇంకో కొట్టు వైపు నడిచేటప్పుడు కూడా కాస్త తల దించుకునే నడుస్తాడు.

అతను నోరు తెరవక ముందే నిల్దా లూకుమా పండు కోసి పాలతో మిక్సీలో వేసేది. కొసరు రోజురోజుకీ పెరిగింది. పక్క కొట్టు ఫోర్తునాతా పెద్దావిడకి అది కొలవడమే పని. మెడ సాచి చూసి, ఇది కొసరా, ఇంకో గ్లాసా, మేం పుట్టిన ఊళ్ళో ఇంత కొసరు పెళ్ళికొడుక్కి కూడా పోసేవాళ్ళు కాదే అనేది. ఆమె నోరు మూయించడానికి ఎలియో తన ఊరు ఒరొపేసా నుంచి తండ్రి కాల్చిన సోంపు రొట్టె తెచ్చిచ్చాడు. ఆవిడ రొట్టె తింది. నోరు మాత్రం మూయలేదు.

రొట్టెలు కాల్చే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో అందరికంటే ముందు డిగ్రీ చదివినవాడు ఎలియో. చెప్పిన పని తప్పకుండా చేసేవాడు, చెప్పని పని చేయడానికి భయపడేవాడు. చిచా అనే మొక్కజొన్న కల్లు తాగే ముందు నేలతల్లికి తొలి చుక్కలు ఎలా వదలాలో, అందరూ ఒకే గ్లాసుతో బీరు తాగుతున్నప్పుడు సీసా పక్కవాడికి ఎప్పుడు అందించాలో ఊరుకాని ఊరివాళ్ళకి రోజూ నేర్పేవాడు. ఒక అమ్మాయికి మనసులో మాట ఎలా చెప్పాలో మాత్రం అతనికి నేర్పిన గైడు ఎవరూ లేరు.

వానలు వెనకపట్టాక ఎలియో పనిచేసే టూరిస్టు ఏజెన్సీ యజమాని కొత్త ఏర్పాటు చేశాడు. మార్కెట్ పెద్ద గుమ్మం పక్కన వీపు ఆనించుకునే కుర్చీలతో, ఇంగ్లీషు బోర్డుతో ఒక కొత్త కొట్టు వెలిసింది. ఇకనుంచి బృందాలన్నీ అక్కడికే అన్నాడు. ఎలియో తల ఊపాడు. బృందాన్ని అక్కడే కూర్చోబెట్టి, మర్యాదకి తనూ ఒక గ్లాసు తాగాడు. కొట్టావిడ కలుపుగోలు మనిషి. మీకూ కాస్త అంటూ జారు వంచింది. అలవాటు పడ్డ చెయ్యి తనంతట తనే గ్లాసు ముందుకు చాపింది.

సరిగ్గా అప్పుడే అనాసపళ్ళ పెట్టె నడుం మీద పెట్టుకుని నిల్దా గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. చూసింది. అందరికీ కలిపి శుభోదయం చెప్పింది. అందులో అతనికి ఎంత వాటా వచ్చిందో అతనికి మాత్రమే తెలుసు.

మర్నాడు బెంచీ చివర కూర్చుంటే ఆమె గ్లాసు అంచు దాకా నింపి పెట్టింది. అతను తాగి చూస్తూ ఉండగానే జారులో మిగిలింది పారబోసి కడిగేసింది. ఫోర్తునాతా కొలవడానికి చాచిన మెడ వెనక్కి తీసుకుంది.

"ఇంకేమైనా కావాలా అండీ?"

ఆ 'అండీ' అతనికి తిట్టుకంటే గట్టిగా తగిలింది.

"నిల్దా, అక్కడికే తీసుకెళ్ళమని ఆఫీసు వాళ్ళే చెప్పారు."

"తీసుకెళ్ళండి. మీ ఉద్యోగం అది."

"మరి కోపమెందుకు?"

"గ్లాసు చాపమని కూడా ఆఫీసే చెప్పిందా అండీ?"

మానకుండా రావడం ఒక్కటే అతనికి చేతనైంది. వచ్చేవాడు, నిండు గ్లాసు తాగేవాడు, కడిగిన జారు చూసి వెళ్ళేవాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే తను ఆమెకి దారినపోయే యాత్రికుడిగా మిగిలిపోతాడని తెలుస్తూనే ఉంది.

అక్కడ చలికాలం మొదలయ్యే మే నెలలో, ఎండ చలిచలిగా కాస్తున్న రోజుల్లో మార్కెట్ పండుగ పనులు మొదలయ్యాయి. ఈసారి పండుగ పెద్ద నిల్దా తల్లి సబీనా. ఒక్కరి చేతుల మీద జరిగేది కాదు గనక, ఆ పండుగ పెద్ద హుర్కా అనే పెద్ద రొట్టె, చిన్న గ్లాసుడు చెరుకు సారా పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతుంది. ఆ రొట్టె తిన్నవాళ్ళు పండుగలో ఒక భారం నెత్తికెత్తుకున్నట్టే. కొవ్వొత్తులో, పువ్వులో, బాణాసంచానో ఏదో ఒకటి. ఎదురుగా తెచ్చి పెట్టాక వద్దనడం మర్యాద కాదు. అందుకే ఎదురుపడకుండా ఉండడంలోనే అందరి తెలివీ బయటపడుతుంది.

ఆ రొట్టెలు ఒరొపేసాలో ఎలియో తండ్రి పొయ్యిలోనే కాలాయి. ఎలాగూ పట్నం పోతున్నావు, అందజెయ్యి అని తండ్రి బుట్ట భుజానికెత్తాడు. కాదనడం ఎలియోకి రాదు.

బుట్ట లోపలికి రాగానే మార్కెట్‌కి కదలిక వచ్చింది. మాంసం కొట్టాయనకి బల్ల కింద ఏదో పని గుర్తొచ్చింది. జున్ను అమ్మే ఆవిడ కూర్చున్నచోటే నిద్రపోయింది. ఫోర్తునాతా శాలువా తలమీదుగా కప్పుకుని బంగాళాదుంపల బస్తాల మధ్య ఇంకో బస్తా అయిపోయింది. వేరే రోజైతే ఎలియో నవ్వేవాడు. ఇప్పుడతని ఆలోచనంతా ఆ కొట్టు దగ్గర మొహం ఎలా చూపించాలన్నదే.

బుట్ట నిల్దా బల్ల మీద దించాడు. బస్సు కుదుపులకి ఒక రొట్టె అంచు విరిగి ఉంది. వాళ్ళింట్లో విరిగిన ముక్క ఎప్పుడూ పిల్లలది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కూడా. చెయ్యి ఆ ముక్క తీసి నోట్లో వేసేసింది.

సబీనా అటు తిరిగి ఏప్రన్ కట్టుకుంటున్నదల్లా ఇటు తిరిగింది.

"తిన్నావు," అంది.

బస్తా మీంచి శాలువా తొలగింది. "తిన్నాడు, నేను చూశాను," అంది ఫోర్తునాతా. మాంసం కొట్టాయన బల్ల కింది నుంచి లేచి సాక్ష్యానికి నిలబడ్డాడు. జున్నావిడకి మెలకువ వచ్చింది.

మిగిలిన భారం ఏమిటో సబీనా చెప్పింది. పండుగనాడు తెల్లవారే సరికి బాజా బృందానికి వేడి చాక్లెట్, రొట్టె స్వయంగా వడ్డించి, ఊరేగింపు ముగిసేదాకా వాళ్ళ వెంటే ఉండాలి. ఎలియో వేళ్ళ మీద తేదీ లెక్కపెట్టుకున్నాడు. ఏడాది మొత్తానికి ఏజెన్సీకి పెద్ద బృందం దిగేది ఆ రోజే. ఆ రోజు రాని గైడు మళ్ళీ ఎప్పుడూ రానక్కర్లేదని యజమాని అందరి ముందూ చెప్పాడు.

అప్పటిదాకా పండ్లు కోస్తున్న నిల్దా తల ఎత్తకుండానే అంది.

"వదిలెయ్యమ్మా. పొరపాటున తిన్నాడాయన. నువ్వు ఇవ్వలేదు, గ్లాసు పొయ్యలేదు. అది హుర్కా ఎలా అవుతుంది? పైగా ఆ రోజు ఆయనకి పెద్ద బృందం ఉంది."

వానాకాలంలో ఎప్పుడో మాటల మధ్య అతను చెప్పిన సంగతి అది. ఆమెకి గుర్తుంది.

సబీనా న్యాయం తెలిసిన మనిషి. కాస్త ఆలోచించి, నిజమే, నిన్ను పట్టుకోను, వెళ్ళు బాబూ అంది. అందరూ అతను బతుకుజీవుడా అని పరిగెత్తుతాడని దారి ఇచ్చారు.

ఎలియో కదల్లేదు. అంచు పోయిన రొట్టె దగ్గరికి లాక్కుని ఇంకో ముక్క తుంచాడు. తిన్నాడు. మరొకటి తుంచాడు. నోటినిండా పెట్టుకుని ఏదో అన్నాడు, ఎవరికీ అర్థం కాలేదు. మింగి మళ్ళీ అన్నాడు.

"ఇది పొరపాటు కాదమ్మా. గ్లాసు పొయ్యండి."

సబీనా సారా తీసి, తొలి చుక్కలు నేల మీద వదిలి, అతనికి అందించింది. అతను ఒక్క గుక్కలో తాగి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నిల్దా చేతిలో కత్తి ఆగింది.

"మరి మీ ఆఫీసు?"

"వెళ్ళి చెబుతాను. ఆ రోజు రాననీ, నా బృందాలని ఇక్కడికే తెస్తాననీ."

"ఒప్పుకోకపోతే?"

"ఇంకో ఏజెన్సీ చూసుకుంటాను. అదీ కాకపోతే రొట్టెలు కాల్చడం వచ్చు." ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ రోజు గ్లాసు చాపింది నేనే నిల్దా, ఆఫీసు కాదు. ఆ అలవాటు నువ్వు చేసిందే. నాకు నీ కొసరు తప్ప ఇంకెవరిదీ వద్దు."

జున్నావిడ అమ్మకం ఆపేసింది.

"వీడు కొసరు అడుగుతున్నాడా, పిల్లని అడుగుతున్నాడా?" అంది ఫోర్తునాతా.

"రెండూ అడిగితే రెండూ వింటాను," అంది సబీనా నింపాదిగా. "ముందు ఆ రొట్టె పూర్తి చెయ్యమను."

అది పళ్ళెమంత రొట్టె. సగానికి వచ్చేసరికి ఎలియో నమలడం నెమ్మదించింది. నిల్దా లూకుమా పండు కోసి, పాలు పోసి మిక్సీ వేసింది. అంచు దాకా నింపి ముందు పెట్టింది. అతను రొట్టెతో పాటు చివరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

జారు అడుగున ఇంకా మిగిలే ఉంది. ఆమె జారు వైపు చూసింది, అతని చేతుల వైపు చూసింది.

"చాపవేం?"

"అడగొచ్చో లేదో అని."

"గ్లాసు ఖాళీ అయ్యిందిగా కసేరో. ఇప్పుడు అడగొచ్చు."

ఎలియో గ్లాసు తీసి, ఆనాటి ఎర్రజుట్టాయన లాగే రెండు చేతులతో చాపాడు. నిల్దా జారు వంచింది. ఎంత పోస్తుందో కొలుద్దామని ఫోర్తునాతా మెడ సాచింది గానీ, నిల్దా ఒక అడుగు పక్కకి జరిగి, ఆమెకి ఏమీ కనబడకుండా అడ్డంగా నిలబడి పోసింది.