కోచ్‌కి చెప్పిన మాట

శనివారం పొద్దున్నే కెనడాలో, ఏజాక్స్ ఊళ్ళోని ఆ ఇంట్లో ఉప్మా పోపు వాసనతో పాటు హడావిడి కూడా మొదలైంది. పది గంటలకి అమెరికా నుంచి కోచ్ వీడియో కాల్ ఉంది. కాఫీ కప్పుతో వస్తున్న రూపకి గుమ్మంలో పడున్న లాక్రోస్ కర్ర కాలికి తగిలింది. గబుక్కున వంగి దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. రేపు కూతురికి చదువు చెప్పించబోయే కర్ర మరి!

చివర వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆట అది. రూప కూతురు అమృత, ఇంట్లో అమ్ములు, అందులో గోలీ, అంటే గోల్ దగ్గర నిలబడి బంతిని ఆపే పిల్ల. అమెరికాలో నర్సింగ్ చదువుతూనే ఈ ఆట ఆడాలని ఆ పిల్ల పట్టుదల. అథ్లెటిక్ స్కాలర్‌షిప్ వస్తేనే అది జరిగేది. లేకపోతే సరిహద్దు దాటించి చదివించే తాహతు వాళ్ళకి లేదు.

అందుకే రూప భర్త జయదేవ్ పెళ్ళి సంబంధాలు వెతికినట్టు కాలేజీలు వెతికాడు. 

"మొదటి కాలేజీకి పేరుంది గానీ, అక్కడ ఇద్దరు గోలీలు ఆల్రెడీ ఉన్నారు. మన పిల్ల బెంచీ మీద కూర్చోవాల్సిందే. రెండోచోట నర్సింగ్ క్లాసులకీ ప్రాక్టీస్‌కీ టైమ్ కుదరదట. ఈ మూడోదే బెస్ట్. వాళ్ళ గోలీ ఈ ఏడాదే చదువైపోయి వెళ్ళిపోతోంది," అన్నాడు లాప్‌టాప్ తిప్పి చూపిస్తూ.

"సంబంధం మంచిదైతే మరింకేం, తాంబూలాలు పుచ్చుకుందాం," అని నవ్వింది రూప.

"అమ్మా, ప్లీజ్! జస్ట్ బీ నార్మల్," అని బతిమాలింది అమ్ములు.

పదింటికి తెర మీదికి వచ్చిన కోచ్ మెగన్ కలుపుగోలు మనిషి. అమ్ములు అడిగినవాటన్నిటికీ ఓపిగ్గా జవాబులు చెప్పింది. తర్వాత రూప వైపు తిరిగింది. "మీ అమ్మాయి ఆట వీడియోలు చూశాను. అద్భుతం! ఇంట్లో ఎలా ఉంటుంది? బాగా కష్టపడుతుందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

రూప బల్ల కింద చాటుగా మెటికలు విరిచింది. మొహం మీదే అంత మాట అంటే పిల్లకి దిష్టి తగలదూ? పైగా కన్నవాళ్ళు పొగిడితే ఆయుక్షీణమని వాళ్ళమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. ఆలోచన కంటే ముందు నోరు కదిలింది.

"నో నో, నథింగ్ లైక్ దట్. వెరీ లేజీ గర్ల్! జస్ట్ లిటిల్ బిట్ షి ప్లేస్," అంది నవ్వుతూ.

తెలుగావిడైతే "అయ్యో, అలా అనకండి, మీ పిల్ల బంగారం" అని వెంటనే అందుకునేది. ఈవిడ అందుకోలేదు. "ఓ, ఐ సీ," అని తలవంచుకుని ఏదో రాసుకుంది. మళ్ళీ కబురు చేస్తానని చెప్పి కాల్ పెట్టేసింది.

"మామ్! యూ కాల్డ్ మీ లేజీ! టు ద కోచ్!" అమ్ములు మొహం కందగడ్డయింది.

"ఊరికే అన్నానే. ఎవరైనా అలాగే అంటారు."

"ఆవిడకేం తెలుస్తుంది రూపా?" జయదేవ్ తల పట్టుకున్నాడు. "మనం వాళ్ళని ఎంచుతున్నాం అనుకున్నాం గానీ, వాళ్ళూ మన పిల్లని ఎంచుతున్నారు. కన్నతల్లే బద్ధకమంటే ఇంకెవరు తీసుకుంటారు?"

"అయితే కాకిపిల్ల కాకికి ముద్దని ఊరంతా చాటుకోమంటారా?" రూప గొంతు కూడా లేచింది.

అమ్ములు కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. "డూ యూ ఈవెన్ థింక్ ఐయామ్ గుడ్? యూ నెవర్ సెడ్ ఇట్, అమ్మా. నాట్ వన్స్!"

నిజమే. పిల్ల గెలిచి వచ్చినప్పుడల్లా రూప ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసిందే గానీ, బాగా ఆడావే అని నోరారా అన్లేదు. అలా తిప్పి పారెయ్యడంలోనే అంతా చెప్పేశాననుకుంది పిచ్చితల్లి. పిల్లకి ఆ భాష రాదుగా!

"కోచ్‌కి మళ్ళీ కాల్ చెయ్యండి," అంది కొంగుతో మొహం తుడుచుకుని.

"ఈమెయిల్ పెడదాం, నీట్‌గా ఉంటుంది."

"నోటితో అన్నమాట నోటితోనే దిద్దుకోవాలి. చెయ్యండి!"

కోచ్ మళ్ళీ తెర మీదికి వచ్చింది. ఒషావాలో డెంటల్ క్లినిక్ రిసెప్షన్‌లో రోజంతా ఇంగ్లీషే మాట్లాడే రూపకి ఆ క్షణాన మనసులో మాటకి ఇంగ్లీషు అందలేదు. తెలుగులో చెప్తాను, మా అమ్మాయే మీకు ఇంగ్లీషులో చెప్తుంది అని అనుమతి అడిగింది.

"ఇది బద్ధకస్తురాలు కాదండీ. జనవరి చలిలో స్కూలు గోడకి బంతి కొట్టుకుంటూ ప్రాక్టీస్ చేసేది. నేను లేచేసరికి నా కారు మీద మంచు గీకేసి ఉండేది. ఫైనల్లో ఓడిపోయిన రోజు తను ఏడవలేదు. ఏడుస్తున్న తమ టీమ్ చిన్న గోలీని పొదివి పట్టుకుని కూర్చుంది. దూరం నుంచి చూసి నేనే ఏడ్చాను."

"షి సేస్ ఐ వర్క్ హార్డ్," అంది అమ్ములు తలవంచుకుని.

"అంతేనా? మొత్తం చెప్పు," అని గదిమాడు జయదేవ్.

తన గురించి తనే చెప్పుకోవడానికి అమ్ములు సిగ్గుపడింది. అయినా ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇది నా కడుపున పుట్టినందుకు నాకెంతో గర్వంగా ఉంది," అని ముగించింది రూప.

అమ్ములు తడబడింది. గర్వం అనే మాట ఆ ఇంట్లో తిట్టుగా తప్ప ఎన్నడూ వినలేదాయె. "షి సేస్ షి ఈజ్... అరోగెంట్?"

"కాదురా అమ్ములూ! ప్రౌడ్! ప్రౌడ్!" జయదేవ్ కళ్ళొత్తుకుంటూనే పకపకా నవ్వాడు.

కోచ్ కూడా నవ్వింది. లేజీ అని రాసుకున్న మాట కొట్టేశానంది. వచ్చే నెల ముగ్గురూ వచ్చి కాలేజీ చూసుకోండి, అమృత మా టీమ్‌లో ఆడాలి, స్కాలర్‌షిప్ సంగతి ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం అంది.

అమ్ములు తెర వైపు చూడటమే లేదు. వచ్చీరాని తెలుగు కూడదీసుకుని, "అమ్మా, కోచ్... మళ్ళీ చెప్పమంది. ఆ లాస్ట్ మాట," అంది.

కోచ్ అలా ఏమీ అనలేదు. అది అర్థం కాకపోవడానికి రూప ఇంగ్లీషు రాని మనిషా! అయినా కూతురి గడ్డం పట్టుకుని, ఈసారి ఆ పిల్లకే చెప్పింది.

"నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉందే."